పొద్దున్నే రెండో గేరు మొరాయిస్తోంది, బండి వేడెక్కాక మామూలే: క్లచ్చా, సింక్రోనా, నూనెనా?

సర్జాపూర్_హ్యాచ్, ఉదయం 9:12

అందరికీ నమస్తే. 2016 మోడల్ 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 5 గేర్ల మాన్యువల్, 68,000 కి.మీ. తిరిగింది. క్లచ్ హైడ్రాలిక్. పది పదిహేను రోజులుగా పొద్దున్నే బయల్దేరగానే ఒకటి నుంచి రెండుకి గేర్ రాడ్ రానంటోంది. గోడకి తగిలినట్టు ఆగుతుంది, అలాగే కాస్త ఒత్తి పట్టుకుంటే అప్పుడు దిగుతుంది. తొందరపెడితే గర్ర్‌మంటుంది. మూడు, నాలుగు కొంచెం బిగువు, అంతే. ఏడెనిమిది కిలోమీటర్లు నడిచాక ఏమీ ఎరగనట్టు మామూలుగా పడుతుంది. పొద్దున పూట రివర్స్ కూడా ఒక్కోసారి గరగరలాడుతోంది.

క్లచ్ ప్లేట్ అయిపోయిందని ఒక మెకానిక్, సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలని ఇంకొకాయన, "చలికి అంతే సార్" అని మూడో ఆయన. ఎవరి మాట పట్టుకోవాలి?

పాతపాన, ఉదయం 9:40

ముగ్గురి మాటా పక్కన పెట్టండి. బాక్స్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

బెంగళూరులో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మామూలుగా 15, 16 డిగ్రీలు ఉంటుంది. ఈ ఊళ్ళో నమోదైన అతి తక్కువ వేడి 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. సరైన నూనె, సరిగ్గా కట్ అయ్యే, అంటే తొక్కగానే ఇంజిన్‌ని బాక్స్ నుంచి పూర్తిగా విడదీసే క్లచ్ ఉన్న బండికి 15 డిగ్రీలు ఒక లెక్క కాదు. రెండో గేరు ఒకటి రెండుసార్లు కాస్త బరువుగా పడొచ్చు, ఏడు కిలోమీటర్లు మాత్రం సతాయించదు. బండిలో ఏదో ఉంది, చలి దాని మీద చాడీలు చెబుతోంది.

మూడు ప్రశ్నలు. గేర్ ఆయిల్ ఆఖరుసారి ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడు, ఎంత పోశారు? బిల్లు ఉంటే దాని మీదున్నది ఉన్నట్టు రాయండి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో (హైడ్రాలిక్ క్లచ్‌కి కూడా ఎక్కువగా అదే నూనె) మట్టం ఈ మధ్య తగ్గిందా? డ్రైవర్ వైపు మందపాటి 7డీ మ్యాట్ లాంటిదేమైనా పరిచారా? మూడోది విని నవ్వకండి. పెడల్ కింద రెండు అంగుళాల మెత్త ఉంటే క్లచ్ పూర్తిగా దిగదు. ముందు దాన్ని తీసి పారేసి చూడండి, ఖర్చు సున్నా.

తర్వాత ఈ ఐదూ చేసి చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండి మీద, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. వేడెక్కాక చేస్తే దండగ.

ఒకటి. ఇంజిన్ ఆపి ఉంచి, క్లచ్ తొక్కి ఐదు గేర్లూ, రివర్సూ వేసి తీయండి. ఇక్కడే బిగువుంటే తప్పు క్లచ్‌ది కాదు, సింక్రోదీ కాదు. గేర్ కేబుల్, బుష్‌లు, బాక్స్ మీదుండే సెలెక్టర్ లివర్ చూడాలి. ఆపి ఉన్న బండిలో ఏదో ఒక గేరు అసలు దిగకపోతే కంగారుపడొద్దు, పంటి మీద పన్ను వచ్చి ఉంటుంది. బండిని జానెడు ముందుకి తోసి మళ్ళీ వేయండి.

రెండు. స్టార్ట్ చేయండి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి పది సెకన్లు ఆగండి. ఇప్పుడు క్లచ్ అడుగంటా తొక్కి వెంటనే రివర్స్ వేయండి. గరగరమంటే ఆపేసి న్యూట్రల్‌కి తెచ్చి, మళ్ళీ క్లచ్ వదిలి, తొక్కి, ఈసారి ఐదు అంకెలు లెక్కపెట్టాక వేయండి. ఐదు సెకన్ల తర్వాత చప్పుడు లేకుండా పడితే క్లచ్ కట్ అవుతున్నట్టే. పది సెకన్లు ఆగినా గరగర పోకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదు.

మూడు. సమంగా ఉన్న చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా తొక్కి, హ్యాండ్ బ్రేక్ దించి, ఎడమ కాలు క్లచ్ మీదే ఉంచి ఒక్కసారి 2000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయండి. బండి అరంగుళం పాకినా క్లచ్ పట్టుకుంటోందని అర్థం.

నాలుగు. పెడల్‌ని గబగబా మూడుసార్లు కొట్టి అప్పుడు గేరు వేయండి. అలా చేస్తే తేలికగా పడుతోందంటే క్లచ్ నూనె లైన్‌లో గాలి ఉంది, లేదా పెడల్ దగ్గర ఆ నూనెని నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఒత్తిడి నిలపడం లేదు.

ఐదు. నడిపేటప్పుడు ఒకటి నుంచి రెండుకి డబుల్ క్లచ్ వేయండి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, మళ్ళీ తొక్కి రెండు. అలా పడి, మామూలుగా పడకపోతే కథ సింక్రో దగ్గరో నూనె దగ్గరో ఉంది.

ఎలహంక_వంకర, ఉదయం 10:05

ఇంత తతంగం ఎందుకు గురూ. పొద్దున పది నిమిషాలు న్యూట్రల్‌లో వదిలేస్తే వేడెక్కుతుంది కదా, ఆ తర్వాత బయల్దేరితే సరి.

పాతపాన, ఉదయం 10:21

వేడెక్కేది ఇంజిన్. గేర్‌బాక్స్‌లో నూనెకి వేడి వచ్చేది ముఖ్యంగా పళ్ళ మీద బరువు పడి తిరిగినప్పుడు, మిగతాది ఇంజిన్ బ్లాక్ నుంచి మెల్లగా పాకుతుంది. న్యూట్రల్‌లో నిలబెడితే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బాక్స్‌లోకి వచ్చే ఇరుసు) నూనెని కొద్దిగా చిలుకుతుందే తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చిందంటే కూలెంట్ వేడెక్కినట్టు. బాక్స్ ఇంకా చల్లగానే ఉంటుంది. అరనిమిషం చాలు, తర్వాత మెల్లగా నడపడమే.

అనంతపురం_టు_కేఆర్‌పురం, ఉదయం 10:48

ఏమప్పా, బిల్లు చూసి చెప్పమంటే ఇంకా సప్పుడు లేదే. నా అనుమానమంతా నూనె మీదనే. యాడ మార్పించినా సీసా మీద అచ్చు చదువుకోల్ల, డ్రమ్ములోంచి కొలిచి పోసినారంటే అది ఏం నూనో పోసినోనికి కూడా తెలీదు.

నూనెమరక, ఉదయం 11:30

బిల్లు వచ్చేలోపు నూనె సంగతి చెప్తాను, చాలామంది ఇక్కడే పొరబడతారు.

సింక్రో పని ఏంటంటే: మీరు రెండో గేరు వైపు రాడ్ తోసినప్పుడు స్లీవ్ (గేరుని షాఫ్ట్‌కి కలిపే, పళ్ళున్న జారుడు కట్టు) ముందుకి జరిగి ఒక ఇత్తడి రింగుని రెండో గేరు పక్కనున్న శంకువు మీదకి నొక్కుతుంది. ఆ రాపిడితో రెంటి వేగాలూ ఒకటయ్యేదాకా రింగు పళ్ళు స్లీవ్‌కి అడ్డం నిలబడతాయి. వేగాలు కలవగానే రింగు ఓ రవ్వ తిరిగి దారి ఇస్తుంది, స్లీవ్ దిగుతుంది. రాపిడి పుట్టాలంటే రింగుకీ శంకువుకీ మధ్యనున్న నూనె పొర పక్కకి పోవాలి. రింగు లోపల సన్నటి మరల్లాంటి గీతలుంటాయి చూడండి, అవి నూనెని కోసి బయటికి నెట్టడానికే. నూనె చిక్కగా ఉంటే పొర తొందరగా తెగదు. మీకు చేతికి తెలిసే ఆ "గోడ" అదే. రింగు ఇంకా ఒప్పుకోకముందే బలవంతంగా తోస్తే గర్ర్.

రెండో గేరే ఎందుకు? లెక్క చూడండి. మొదటి గేరు నిష్పత్తి 3.5, రెండోది 1.9 అనుకుందాం. 3000 ఆర్‌పీఎం దగ్గర మారిస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ దాదాపు 1630కి దిగాలి, అంటే 1370 కోత. నాలుగు 0.97, ఐదు 0.77 అయితే 3000 నుంచి 2380, కోత 620 మాత్రమే. రెండో గేరు సింక్రో మీద రెట్టింపు పైచిలుకు పని. పైగా బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు నుంచి టిన్ ఫ్యాక్టరీ దాకా రోజూ ఎక్కువగా తిరిగేది ఒకటీ రెండూ మధ్యనే. ముందు అరిగేదీ అదే, ముందు ఏడ్చేదీ అదే.

ఇక గ్రేడు, అంటే 80డబ్ల్యూ-90 లాంటి రాత. అందులో ముందుండే 75డబ్ల్యూ, 80డబ్ల్యూ అనేవి గడ్డకట్టే చలి పరీక్షలు. 75డబ్ల్యూ నూనె మైనస్ 40 దగ్గర, 80డబ్ల్యూ మైనస్ 26 దగ్గర చిక్కదనంలో 1,50,000 సెంటీపాయిజ్ దాటకూడదు. బెంగళూరుకి ఆ అంకెతో నేరుగా పని లేదు. రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం: 80 అంటే 7 నుంచి 11 సెంటీస్టోక్స్ లోపు, 85 అంటే 11 నుంచి 13.5 లోపు, 90 అంటే 13.5 నుంచి 18.5 లోపు. మనం చూడాల్సింది డేటా షీట్‌లో 40 డిగ్రీల దగ్గరి అంకె. 75డబ్ల్యూ-80 నూనెలు ఎక్కువగా 50, 60 సెంటీస్టోక్స్ దగ్గర ఉంటాయి. 80డబ్ల్యూ-90 అయితే 130 నుంచి 150. అంటే 40 దగ్గరే రెండున్నర రెట్లు. 15 డిగ్రీలకి దిగితే తేడా మూడు నాలుగు రెట్లకి పోతుంది. మాన్యువల్‌లో 75డబ్ల్యూ-80 రాసున్న బాక్స్‌లో 80డబ్ల్యూ-90 పోస్తే మధ్యాహ్నం తెలీదు, పొద్దున కచ్చితంగా తెలుస్తుంది.

చెన్నై_చెమట, మధ్యాహ్నం 12:02

మా చెన్నైలో జనవరి పొద్దున 20, 21 డిగ్రీలు. ఇక్కడ కూడా 80డబ్ల్యూ-90 పోసిన చిన్న బళ్ళలో మొదటి రెండు కిలోమీటర్లు రెండో గేరు బరువుగానే ఉంటుంది. కాబట్టి బెంగళూరు చలిని తిట్టక్కర్లేదు. మీకు స్వెట్టర్లు వేసుకోడానికి ఒక సాకు కావాలి, అంతే 😄

బొమ్మనహళ్ళి_వ్యాను, మధ్యాహ్నం 12:40

చర్చ మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది ఇంజిన్ సీటు కిందుండే పాత పెట్రోల్ వ్యాను, వెనక చక్రాల డ్రైవ్, కేబుల్ క్లచ్. పొద్దున అన్ని గేర్లూ గట్టిగానే, ఒకటో గేరు కూడా. పాతపాన గారు చెప్పిన మూడో పరీక్ష చేశాను, బండి మెల్లగా పాకుతోంది. రివర్స్ పది సెకన్లు ఆగినా గరగరే. నూనె మారిస్తే పోతుందా?

పాతపాన, మధ్యాహ్నం 1:15

పోదు తమ్ముడూ. నీది వేరే జబ్బు, నీ క్లచ్ విడవట్లేదు.

ముందు కేబుల్. పెడల్ మీద చెయ్యి పెట్టి ఒక వేలితో నొక్కు. గట్టిదనం తగిలేదాకా ఎంత ఉత్తి ఆట ఉందో స్కేలు పెట్టి కొలువు. మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి, చాలా బళ్ళకి 10 నుంచి 25 మి.మీ. మధ్య. నలభై యాభై ఉందంటే నువ్వు తొక్కేదాంట్లో సగం గాల్లో పోతోంది. బాక్స్ పక్కన క్లచ్ లివర్ చివర నట్టు బిగిస్తే ఆట తగ్గుతుంది. సున్నా మాత్రం చెయ్యకు. అప్పుడు రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ని నొక్కి విడదీసే బేరింగ్) ఎప్పుడూ ఆనుకునే తిరిగి అరుస్తుంది, క్లచ్ జారుతుంది.

బిగించినా వారంలో మళ్ళీ వదులైతే కేబుల్ పోగులు తెగుతున్నట్టు. రెండు కొసలూ చూడు, ఒక్క తీగ పైకి లేచినా మార్చేయాలి. కొత్తది వేసేటప్పుడు పాతది పోయిన దారినే పోనివ్వు. వంకర ఎక్కువైతే బయటి తొడుగు లోపలే రాపిడి మొదలై పెడల్ ఇనుములా అవుతుంది.

కేబుల్ బాగుండి కూడా పాకుతోందంటే రెండు అనుమానాలు. నీ దాంట్లోలా ఇంజిన్ బండి పొడవు వెంట అమర్చిన బళ్ళలో ఫ్లైవీల్ మధ్యలో ఇన్‌పుట్ షాఫ్ట్ కొసని మోసే పైలట్ బేరింగో బుష్షో ఉంటుంది. అందులో గ్రీజు ఎండి గట్టిపడితే క్లచ్ తొక్కినా ఫ్లైవీల్ ఆ షాఫ్ట్‌ని వెంట తిప్పుకుంటూ పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడికి కాస్త తగ్గుతుంది. రెండోది క్లచ్ ప్లేట్ మధ్య గాడులు తుప్పుపట్టి షాఫ్ట్ మీద జరగకపోవడం. బండి వానాకాలంలో నీళ్ళలో నిలబడిందా?

సర్జాపూర్_హ్యాచ్, సాయంత్రం 6:50

బిల్లు దొరికింది. అక్టోబర్‌లో ఒక సర్వీస్ షాపులో మార్పించాను. ఉన్నది ఉన్నట్టు: గేర్ ఆయిల్ 80డబ్ల్యూ-90 జీఎల్-5, 2.5 లీటర్లు. మాన్యువల్ తీసి చూస్తే 75డబ్ల్యూ-80 జీఎల్-4, 2.0 లీటర్లు అని ఉంది 🤦. బ్రేక్ ఆయిల్ మట్టం మ్యాక్స్ గీత దగ్గరే ఉంది. 7డీ మ్యాట్ ఉంది, తీసేశాను. పెడల్ ఇంకో వేలెడు కిందికి పోతోంది.

పరీక్షలు రేపు పొద్దున.

అనంతపురం_టు_కేఆర్‌పురం, సాయంత్రం 7:04

చెప్తి కదప్పా!

నూనెమరక, సాయంత్రం 7:31

రెండు తప్పులు జరిగాయి. గ్రేడు ఒకటి, జీఎల్-5 ఒకటి. జీఎల్ అంకె నూనెలో ఒత్తిడి తట్టుకునే మందు స్థాయి చెబుతుంది.

జీఎల్-5 హైపాయిడ్ గేర్ల కోసం, అంటే వెనక డిఫరెన్షియల్ లాంటి చోట పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ విపరీతమైన ఒత్తిడి పడే చోట్లకి. దాంట్లో గంధకం, భాస్వరం ఉన్న ఒత్తిడి మందు జీఎల్-4 కన్నా దాదాపు రెట్టింపు. సింక్రో రింగుకి కావాల్సింది రాపిడి. ఆ మందు పళ్ళని కాపాడుతూనే రింగుని జారేలా చేస్తుంది. పాత రకం జీఎల్-5లో గంధకం ఇత్తడిని తినేది కూడా. ఇప్పటి వాటిలో ఆ గుణం చాలా తగ్గించారు కానీ జారుడు మాత్రం పోలేదు.

అలాగని జీఎల్-5 అంటే విషం అనేయకండి. కొన్ని బాక్సులకి కంపెనీయే 75డబ్ల్యూ-90 జీఎల్-5 రాస్తుంది, వాటిలో అదే పోయాలి. కొన్నిటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె) రాస్తారు, కొన్నిటికి తమ సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్ నూనె). మాన్యువల్‌లో ఏముందో అదే. పక్కింటి బండికి పనికొచ్చిందని పోస్తే ఇదిగో ఇలాగే ఉంటుంది.

2.5 లీటర్ల మీద నాకు నవ్వొస్తోంది. పక్కన లెవెల్ హోల్ (నూనె పోసే, మట్టం చూసే రంధ్రం) ఉండే బాక్స్‌లో బండి సమంగా ఉంటే 2.0 దాటగానే హోల్లోంచి కారిపోతుంది. ఒక పక్క మాత్రమే జాకీ ఎత్తి పోసుండాలి, లేదా మిగతా అరలీటరు బిల్లులో మాత్రమే పోసుండాలి.

సర్జాపూర్_హ్యాచ్, మర్నాడు ఉదయం 8:20

ఫలితాలు. బయట 16 డిగ్రీలు.

ఇంజిన్ ఆపి: అన్నీ తేలికగా పడ్డాయి. రివర్స్ వెంటనే వేస్తే గరగర, ఐదు సెకన్లు ఆగితే నిశ్శబ్దం. స్టార్ట్ అవగానే ఐడిల్ 1300 దగ్గర ఉంది. మొదటి గేరులో బండి పాకలేదు. పెడల్ కొట్టినా తేడా లేదు. డబుల్ క్లచ్‌తో రెండో గేరు ఒక్క తోపుకే దిగింది! మామూలుగా వేస్తే మళ్ళీ అదే గోడ.

పాతపాన, మర్నాడు ఉదయం 8:44

క్లచ్ శుభ్రంగా ఉంది. ఆ రివర్స్ గరగరకి కూడా ఇక్కడే సమాధానం ఉంది. చిన్న బళ్ళలో చాలావాటికి రివర్స్‌కి సింక్రో ఉండదు. క్లచ్ తొక్కిన క్షణంలో ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, వేడి బండిలో 750 దగ్గర, చల్లటి బండిలో మీరన్నట్టు 1300 దగ్గర. అది ఆగేదాకా ఆగాలి. ఆగే ఓపిక లేకపోతే క్లచ్ తొక్కే ఉంచి ముందు రెండో గేరు వైపు ఒకసారి తాకించి, అప్పుడు రివర్స్ వేయండి. రెండో గేరు సింక్రో షాఫ్ట్‌ని ఆపేస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే సుమా.

ఇక నూనె మార్చండి.

దేవనహళ్ళి_డీజిల్, మర్నాడు ఉదయం 9:10

నా ఎస్‌యూవీలో రివర్స్ ఒక్కటే గరగరమంటుంది, మిగతావి బాగున్నాయి. పై పోస్టుతో సందేహం తీరిపోయింది, థాంక్స్.

నూనెమరక, మర్నాడు ఉదయం 10:15

మార్చే పద్ధతి రాస్తున్నా. మీరే చేసినా, పక్కన నిలబడి చేయించినా ఇదే.

నూనె: 75డబ్ల్యూ-80 జీఎల్-4, రెండు లీటర్ల పైన కొంచెం చేతిలో ఉండేలా మూడు సీసాలు. సీల్ ఉన్న సీసాలే. డ్రెయిన్ ప్లగ్గుకీ ఫిల్లర్ ప్లగ్గుకీ కొత్త వాషర్లు, రాగివో అల్యూమినియంవో, మీ బాక్స్‌కి ఏవి అయితే అవి. జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగేటప్పుడు బండి మోడల్, సంవత్సరం చెప్పడమే కాదు, పాత వాషర్ చేతిలో పెట్టి చూపించండి.

పది పదిహేను కిలోమీటర్లు నడిపి తీసుకురండి, నూనె పలచబడి మురికితో సహా దిగుతుంది. బండి నాలుగు మూలలా సమంగా ఉండాలి, లిఫ్ట్ మీదైనా, నాలుగు స్టాండ్ల మీదైనా. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కిందికి దూరొద్దు.

ముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పాలి. ఇది మరిచిపోయి డ్రెయిన్ విప్పేసి, నూనంతా కారిపోయాక ఫిల్లర్ బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. కొన్ని ప్లగ్గుల్లో చదరపు గుంట ఉంటుంది, రాచెట్ కొస నేరుగా పడుతుంది. కొన్నిటికి అలెన్ కీ. అరిగిన కీతో తిప్పి గుంట గుండ్రం చేసుకోవద్దు. చుట్టూ మట్టి గీకి, వైర్ బ్రష్‌తో తుడిచి, కీ పూర్తిగా లోపలికి కూర్చున్నాకే బలం వేయండి.

ఫిల్లర్ వచ్చాక డ్రెయిన్. కింద కొలత గీతలున్న డబ్బా పెట్టండి, ఎంత దిగిందో తెలియాలి. పావుగంట చుక్కలు కారనివ్వండి. ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దాన్ని వేళ్ళతో నలిపి చూడండి. బూడిదరంగు ముద్ద మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి దాన్ని నూనెలో చూడాలి. కాస్త నూనె తెల్ల పళ్ళెంలో పోసి ఎండలో పెట్టి వంచండి. బంగారు పొడి తళుక్కుమంటే రింగులు అరుగుతున్నాయి. గోరంత ఇనుప ముక్కలు కనబడితే మాత్రం ఆగండి, అవి పళ్ళవి.

డ్రెయిన్ ప్లగ్గు కొత్త వాషర్‌తో, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించండి. బాక్స్ ఒళ్ళు అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. తర్వాత పెద్ద సిరంజితోనో, పైనుంచి గరాటు, గొట్టం పెట్టో పోయండి. హోల్ అంచు దాకా వచ్చి సన్నటి ధారగా కారడం మొదలయ్యాక ఆపండి. ధార చుక్కలయ్యాక ఫిల్లర్ బిగించండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. గేర్లు నూనెని ఊరికే చిలికి నురగ చేస్తాయి, ఒత్తిడికి బ్రీదర్ (బాక్స్ పైనుండే గాలి రంధ్రం) లోంచి, సీళ్ళలోంచి బయటికొస్తుంది.

పాత నూనె రాజకాలువలో (వాననీటి కాలువలో) పారబోయకండి. సీసాల్లో నింపి ఏ గ్యారేజీలో ఇచ్చినా వాడేసిన నూనె డ్రమ్ములో కలుపుకుంటారు.

ఎలహంక_వంకర, మర్నాడు ఉదయం 10:52

గేర్లు స్మూత్ చేసే అడిటివ్ సీసాలు అమ్ముతున్నారు కదా, ఉన్న నూనెలోనే అదొకటి పోస్తే పోలే?

నూనెమరక, మర్నాడు ఉదయం 11:03

జారుడు ఎక్కువై బాధపడుతున్న రింగుకి ఇంకాస్త జారుడు పోస్తారా?

సర్జాపూర్_హ్యాచ్, నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం 8:15

మార్పించాను, పక్కనే నిలబడి. పాత నూనె 2.3 లీటర్లు దిగింది. బిల్లులో 2.5, మాన్యువల్‌లో 2.0, బాక్స్‌లో 2.3. ఎవరి లెక్క వాళ్ళది. అయస్కాంతం మీద బూడిద ముద్ద, ముక్కల్లేవు. పళ్ళెంలో వంచి చూస్తే చాలా సన్నగా పసుపు మెరుపు ఉంది, చూస్తే గానీ తెలీనంత. కొత్తది పోస్తే 2 లీటర్లకి కొంచెం లోపే ధార వచ్చింది.

మర్నాడు పొద్దున 15 డిగ్రీలు. రెండో గేరు మొదటి రెండుసార్లు కాస్త బరువు, మూడోసారి నుంచి మామూలే. గర్ర్ అస్సలు లేదు. ఆ మొదటి రెండుసార్ల బరువు కూడా పోవాలంటే ఏం చెయ్యాలి? ఆ పసుపు మెరుపుకి భయపడాలా?

పాతపాన, సాయంత్రం 8:50

భయపడక్కర్లేదు. 68,000 నడిచిన బాక్స్‌లో ఆ మాత్రం మెరుపు ఉంటుంది. రింగు నిజంగా అయిపోతే వేడి మీద కూడా గరగరమంటుంది, ముఖ్యంగా మూడు నుంచి రెండుకి దించేటప్పుడు. అప్పుడు బాక్స్ విప్పి, రింగుని శంకువు మీద చేత్తో నొక్కి పట్టి, పళ్ళ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి కొలుస్తారు. చాలా బాక్సులకి ఆ సందు 0.5 మి.మీ. దరిదాపుకి వస్తే రింగు మార్చాలి. మీకు ఇంకా ఆ రోజు రాలేదు.

మిగిలిన బరువు మీ చేతిలో ఉంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఒకటో గేరుని 2000 దాటనివ్వకండి. పైన రాసిన లెక్కే, 3000 దగ్గర 1370 కోత, 2000 దగ్గర 915 మాత్రమే. న్యూట్రల్ దగ్గర అరక్షణం ఆగి, రెండు వేళ్ళతో ఒత్తి పట్టుకుంటే రింగే లోపలికి లాక్కుంటుంది. అరచేత్తో గుద్దొద్దు. గేరు పడ్డాక చెయ్యి రాడ్ మీద వేలాడేయకండి, ఆ బరువు లోపల స్లీవ్‌ని జరిపే ఫోర్క్ మీద పడి అదీ అరుగుతుంది.

నూనెమరక, సాయంత్రం 9:12

డ్రెయిన్ చేసినా మూలల్లో కొంత పాత జీఎల్-5 మిగిలే ఉంటుంది. నేనైతే వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మారుస్తాను.

పాతపాన, సాయంత్రం 9:20

నేనైతే మార్చను. మిగిలేది వంద, రెండొందల మిల్లీలీటర్లు. రెండు లీటర్లలో దాని జోరు ఎంత? రెండు లీటర్ల డబ్బులు దండగ.

సర్జాపూర్_హ్యాచ్, సాయంత్రం 9:26

మీరిద్దరూ తేల్చుకునేలోపు ఎండాకాలం వచ్చేస్తుంది 😄

బొమ్మనహళ్ళి_వ్యాను, వారం తర్వాత, ఉదయం 7:30

పాతపాన అన్నా, ఆట 45 మి.మీ. ఉంది. బిగించి 20కి తెచ్చాను, కేబుల్ కూడా కొత్తది వేయించాను. కొంచెం మేలు, కానీ పొద్దున ఇంకా పాకుతోంది. అవును, వానల్లో మా వీధి మునిగినప్పుడు బండి రెండు రోజులు నీళ్ళలోనే ఉంది, ముందే చెప్పాల్సింది.

పాతపాన, ఉదయం 8:05

ఇంక బాక్స్ దించాల్సిందే తమ్ముడూ. దించాక ఈ వరస పట్టు. క్లచ్ ప్లేట్‌ని ఇన్‌పుట్ షాఫ్ట్ గాడుల్లోకి ఎక్కించి వేలితో ముందుకీ వెనక్కీ జరుపు. తనంతట తాను జారాలి. పట్టుకుంటే గాడుల్లో తుప్పు ఉన్నట్టు, వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, మాలిబ్డినమ్ ఉన్న గ్రీజు వేలి కొసకి అంటుకున్నంత రాసి, ప్లేట్ రెండుసార్లు జరిపి బయటికొచ్చిందంతా గుడ్డతో తుడిచెయ్యి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేట్ మీద పడుతుంది, క్లచ్ జారడం మొదలవుతుంది. ఫ్లైవీల్ మధ్యలో పైలట్ బేరింగ్‌లో చిటికెన వేలు పెట్టి తిప్పు. గరుగ్గా ఉన్నా, బిగువుగా ఉన్నా కొత్తది వెయ్యి. బాక్స్ ఎలాగూ కింద ఉంది కాబట్టి రిలీజ్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు కూడా అప్పుడే. నీళ్ళు బ్రీదర్ దాకా వచ్చుంటే గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటుంది, దించేముందే ప్లగ్గు విప్పి చూసుకో.